పాత నూలు చీరలు, జీన్సులు, చొక్కాలు: పారేయకుండా ఇంటికి పనికొచ్చేవి ఏం కుట్టుకోవచ్చు?

సుజాత (తెనాలి)

అందరికీ నమస్కారం. దసరాకి ముందు బీరువాలు ఖాళీ చేస్తే బట్టల గుట్ట తేలింది. మా అత్తగారి నూలు చీరలు పది దాకా ఉన్నాయి. ఎక్కువ మంగళగిరివి, రెండు మూడు వెంకటగిరివి. ఉతికి ఉతికి బాగా మెత్తబడ్డాయి గానీ మడతల దగ్గర చీలుతున్నాయి, ఇక కట్టుకోవడానికి రావు. ఇవి కాక సింథటిక్ చీరలు, మా అబ్బాయి జీన్సులు, మావారి చొక్కాలు (కాలర్ అరిగింది తప్ప మిగతాదంతా శుభ్రంగా ఉంది), లంగాలు, నైటీలు. పసుపు కుంకుమల్లో వచ్చిన జాకెట్టు ముక్కలైతే ఒక సంచి నిండా.

స్టీలు సామాన్ల అతన్ని పిలిస్తే మొత్తం గుట్టకి ఒక చిన్న టిఫిను డబ్బా ఇస్తానన్నాడు. అదీ ఒక జరీ చీర కలిపితేనే! వద్దని పంపించేశాను.

గోడకి తగిలించే బొమ్మలు, గుడ్డ పూలు, సీసాలకి తొడుగులు లాంటివి నాకు వద్దు. వీడియోల నిండా అవే. రోజూ చేతికి అందేవి, అరిగేదాకా వాడుకునేవి చెప్పండి. మిషన్ ఉంది. తిన్నగా కుట్టడం వచ్చు, అంతకు మించి పనితనం లేదు.

భారతి (రాజమహేంద్రవరం)

సుజాతా, కత్తెర పట్టుకునే ముందు గుట్టని మూడుగా విడదీయమ్మా. నూలు ఒకవైపు, సింథటిక్ ఒకవైపు, పట్టు ఒకవైపు. ఏం కుట్టాలో నువ్వు అనుకోవడం కాదు, గుడ్డని బట్టి ఉంటుంది. తడి తుడవాలన్నా, వేడి గిన్నె దించాలన్నా, ఒంటికి ఆనుకుని పడుకోవాలన్నా నూలే. పాలిస్టర్ నీళ్ళని అటూ ఇటూ తోస్తుందే గానీ పీల్చదు. పొయ్యి దగ్గర వాడితే కరిగి చేతికి అంటుకుంటుంది, ఆ కాలు మామూలు కాలు కాదు.

అనుమానం వస్తే అంచులోంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకులో పెట్టి అగ్గిపుల్ల అంటించు. నూలైతే కాగితం కాలిన వాసన, బూడిద నలిపితే పొడి. పట్టైతే వెంట్రుకలు కాలిన కంపు. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చివర నల్లగా గట్టి పూస మిగులుతుంది. చొక్కా గుడ్డల్లో రెండూ కలిసినవే ఎక్కువ. కాగితం వాసనా వస్తుంది, చివర గట్టిగానూ మిగులుతుంది. అలాంటివి సంచులకి బాగుంటాయి, మసిగుడ్డలకి పనికిరావు.

స్వరూప (హనుమకొండ)

నూలు చీరలు అంత మెత్తబడ్డాయంటే అవి బొంతకే అక్కా. ఇంక దేనికీ కోయకండి. మా అమ్మ కుట్టేది, ఇప్పుడు నేను కుడుతున్న. పద్ధతి చెప్తా, ఓపికగా చదవండి.

ముందు చీరలన్నీ ఒక్కొక్కటే విడిగా నానబెట్టి ఉతకాలి. ఏది రంగు వదులుతుందో అప్పుడే తెలుస్తది. రంగు వదిలేదాన్ని లోపలి పొరకి కూడా పెట్టొద్దు, మొదటి ఉతుకుకే ఆ రంగు పైకి తేలి మరకలు పడతాయి. ఫాల్ ఉంటే విప్పెయ్యాలి. చీర ఇప్పటికే ముడుచుకోవాల్సినంత ముడుచుకుని ఉంటది, ఫాల్ గుడ్డ తీరు వేరు. అట్లనే వదిలేస్తే ఆ అంచు కుచ్చులు పడుతది.

చిరుగులు లేని రెండు చీరలు పైకీ కిందికీ తీసిపెట్టుకోండి. చిరిగినవన్నీ మధ్యలో. చిరుగు ఉన్నచోట ఊరికే వదలకుండా ఇంకో ముక్క పరచాలి. లేకుంటే ఆ చోటు పల్చనై ముందు అక్కడే తెగుతది.

నేల తుడిచి, కింది చీర పరిచి, మూలలకి బరువులు పెట్టండి. ఒక్కో పొర వేసినప్పుడల్లా మధ్యలోంచి అంచుల వైపు అరచేత్తో దువ్వాలి. లోపల ఒక్క ముడత ఉండిపోయినా పడుకున్నప్పుడు వీపుకి తగులుతనే ఉంటది. పొరలన్నీ పడ్డాక జానెడేసి దూరంలో కచ్చా కుట్లు వేయండి. ఇవి మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి పోవాలి.

అసలు కుట్టు దీనికి తలకిందులు. కింది చీర అంచుని పైకి మడిచి, చుట్టూ ఒక వరస కుట్టి, దాని లోపల ఇంకో వరస, ఇంకో వరస, అట్ల చదరంలో చదరంగా నడుమకి రావాలి. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం చాలు. పెద్ద సూది, లావు నూలు దారం. దారానికి మైనం రుద్దితే చిక్కు పడదు, పొరల్లోంచి జారుతుంది. సూది మీదికి నాలుగైదు కుట్లు ఎక్కించుకుని ఒక్కసారి లాగండి. బిగించి లాగితే బొంత అంతా ముడుచుకపోతది. దారం అయిపోయినచోట ముడి పొరల మధ్యకి దాచెయ్యాలి, పైన ఉంటే ఉతుకుల్లో విడిపోతది.

పద్మజ (డాలస్)

స్వరూప గారూ, ఒక సందేహం. ఇక్కడ మేము క్విల్టు క్లాసులో నేర్చుకునేది మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి కుట్టడం. అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా మధ్యలో చేరి ఉబ్బెత్తుగా అవదా?

స్వరూప (హనుమకొండ)

కచ్చా కుట్లు సరిగ్గా పడితే అవదు పద్మజ గారూ. మీ క్విల్టులో మధ్యన దూది పొర ఉంటుంది కదా, అది కదులుతుంది. చీర మీద చీర అట్ల కదలదు, నూలుకి నూలు పట్టుకుని ఉంటది.

వాసు (బళ్ళారి)

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా వైపు సిద్దీలు అని ఉన్నారు, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే కవాందీ అనే బొంత కూడా అంచు నుంచే మొదలవుతుంది. ఒక మూల నుంచి బయలుదేరి, పాత బట్టల ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ, చుట్టూ తిరుగుతూ నడుమకి వస్తారు. ముందుగా గీసుకున్న డిజైన్ ఏమీ ఉండదు. చివర నాలుగు మూలలకీ మడిచిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూల అంటారు. అవి లేకపోతే కవాందీ పూర్తయినట్టు కాదు. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఇవన్నీ పాత చీరలు పొరలు పేర్చి కుట్టేవే. కాంథాకి పాత చీర అంచుల్లోంచి లాగిన రంగు పోగులనే దారంగా వాడేవాళ్ళు. దారం కూడా కొనకుండా!

రమణ (కర్నూలు)

మా అమ్మాయి హాస్టల్లో ఉంది, దానికో బొంత కుట్టిద్దామని ఉంది. మా ఇంట్లో మంచం డబుల్ కాట్, దానికీ ఒకటి. ఎన్ని చీరలు పడతాయి? ఎవరైనా లెక్క చెబితే పుణ్యం.

భారతి (రాజమహేంద్రవరం)

లెక్క సులువే రమణ గారూ. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా మీటరు పదిహేను సెంటీమీటర్ల దాకా. ఒక మనిషికైతే 2.25 మీటర్ల దగ్గర మడతేస్తే ఒక్క చీరలోనే రెండు పొరలు వస్తాయి. మూడు చీరలకి ఆరు పొరలు. హాస్టల్ మంచానికి అది దండి, మన ఎండల ఊళ్ళకైతే నాలుగు పొరలే చాలు.

డబుల్ కాట్‌కి చీరని 2.25 మీటర్ల ముక్కలు రెండు కోసి పక్కపక్కన అతకాలి. అప్పుడు ఒక చీరకి ఒక పొర. నాలుగు చీరలు కావాలి. ప్రతి చీరలోనూ మీటరు మిగులుతుంది. ఆ మిగిలేది కొంగు అయ్యేలా చూసుకోండి. కొంగులు దిండు గలీబులకి అందంగా ఉంటాయి. ఇంకో సంగతి, అతుకు అన్ని పొరల్లోనూ ఒకేచోట రాకుండా పక్కకి జరపాలి. లేకపోతే మంచం నడుమ గట్టు కట్టినట్టుంటుంది.

ఉతికేటప్పుడు తెలుస్తుంది దాని బరువు! నూలు చీర ఒక్కోటీ అర కిలో అటూ ఇటూ ఉంటుంది. నాలుగు చీరల బొంత తడిస్తే ఒక్కరు పిండలేరు. ముసురు రోజుల్లో ఉతకొద్దు, పైన ఆరినట్టు కనిపించి లోపల చెమ్మ నిలిచి ముక్క వాసన వస్తుంది. శివరాత్రి వెళ్ళాక ఉతికి దండెం మీద కాకుండా మేడ మీద పరిచి ఆరేయండి.

మస్తాన్ టైలర్ (నెల్లూరు)

అందరికీ నమస్తే. బొంత సంగతి అమ్మగార్లు చెప్పారు, నేను మిషన్ సంగతి చెబుతాను. డబుల్ కాట్ బొంత ఇంటి మిషన్ మీద పెట్టుకోకండి. మెడ కింద అంత గుడ్డ చుట్టి తోయడం కుదరదు, సూదులు విరుగుతాయి. సింగిల్‌ది అయితే పొడవు కుట్టు పెట్టుకుని కుట్టొచ్చు.

పాత గుడ్డకి సూది మార్చడం ముఖ్యం. అరిగిన నూలు చీరకి 11 నంబరు, చొక్కాలకీ లంగాలకీ 14, జీన్సుకి 16 లేదా 18. మొద్దుబారిన సూదితో పాత చీర కుడితే పోగు తెగి గీత గీతగా చిరుగుతుంది, గుడ్డ బాగాలేదని అనుకుంటారు. బనియన్, టీషర్ట్ గుడ్డకైతే మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది అడిగి తీసుకోండి.

ఇక జీన్సు. ముందు దాన్ని రెండు చేతులతో అడ్డంగా లాగి చూడండి. సాగితే సంచికి వద్దు. ఎన్ని పొరలేసినా బరువు పెట్టగానే కిందికి సాగుతుంది, కూరగాయలు మోకాళ్ళకి కొట్టుకుంటాయి. సాగని పాత మందపాటి జీన్సు దొరికితే అదృష్టం.

కాళ్ళు రెండూ బయటి కుట్టు దగ్గర విప్పదీసి పరిస్తే పెద్ద ముక్కలు వస్తాయి. లోపలి కుట్టు విప్పకండి, మామూలుగా ఫ్యాక్టరీలో డబుల్ వేసేది దానికే, సంచికి ఎముక అదే. అడుగు రెండు పొరలు. నడుము పట్టీని కోసి అదే చేతి పిడిగా పెట్టొచ్చు, దానికి మించిన గట్టి పట్టీ మనం కుట్టలేం. పిడి అతికేచోట చదరంగా కుట్టి, చదరంలో ఎక్స్ ఆకారంలో అడ్డ కుట్లు వేయాలి. ఊరికే రెండు గీతలు వేస్తే బియ్యం మోసిన రోజే ఊడొస్తుంది.

కుట్లు కలిసే దగ్గర ఆరేడు పొరల మందం వస్తుంది. అక్కడ మోటారు మీద వెళ్ళొద్దు. ముందు ఆ మందాన్ని సుత్తితో కొట్టి చదును చేయండి, తర్వాత చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేయండి. జిప్పులు, గుండీలు, రివెట్లు ముందే తీసి డబ్బాలో వేసుకోండి. మా షాపుకి పాత బట్టలు తెచ్చేవాళ్ళ దగ్గర నేను విసుక్కునేది ఇందుకే. లోపల పిన్నీసు ఒకటి మర్చిపోతారు, నా సూది పోతుంది.

నళిని (విశాఖపట్నం)

మావారి చొక్కాలు అన్నారు కదా సుజాత గారూ. చొక్కా ముందు భాగం గుండీలతో సహా అలాగే ఉంచి దిండు గలీబు కుట్టండి. గుండీ పట్టీయే గలీబు నోరు. జిప్పు కొనక్కర్లేదు, కాజాలు కుట్టక్కర్లేదు. చొక్కాని లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి పరిచి, గుండీలు పెట్టి ఉంచి, దిండు కొలత గీసుకుని, నాలుగువైపులా కుట్టేసి, గుండీలు తీసి తిరగేయడమే. జేబు వస్తే రానివ్వండి, మా పిల్లలు అందులో కళ్ళజోడు పెట్టుకుంటారు.

లంగాలు పాప్లిన్ కదా, సంచులకి లోపలి లైనింగుగా వాటిని మించినవి లేవు. నాడా కూడా వస్తుంది.

కిరణ్ (హైదరాబాద్)

ఎవరూ ఏమనుకోవద్దు. ఇదంతా టైం ఉన్నవాళ్ళ పని. దుప్పటి బజారులో చవగ్గా వస్తుంది. నాలుగు చీరలు అతికి, దారం కొని, నెల రోజులు నడుము వంచి కుట్టే బదులు ఆ చీరలు ఎవరికైనా ఇచ్చేస్తే వాళ్ళైనా కట్టుకుంటారు. పైగా మా ఆవిడ ఇలాగే మొదలుపెట్టి ఇంటి నిండా డోర్ మ్యాట్లు చేసింది. మాకున్నవి ఐదు గుమ్మాలు, మ్యాట్లు ఇరవై!

భారతి (రాజమహేంద్రవరం)

మ్యాట్ల మాట నిజమే కిరణ్ బాబూ. వాడకం లేని వస్తువు చేస్తే చెత్త బీరువాలోంచి హాల్లోకి వచ్చిందంతే. నేనూ అందరికీ అదే చెబుతాను, గుమ్మాలు లెక్కపెట్టుకుని కత్తెర పట్టుకోమని.

కానీ చిరిగిన చీర ఎవరికిస్తావు? కట్టుకోదగ్గవి ఇవ్వాలి, ఉతికి ఇస్త్రీ చేసి మరీ ఇవ్వాలి. చిరిగినవి ఇంకొకరి మీద తోసేస్తే అది దానం కాదు. అవి మన ఇంట్లోనే అరగాలి.

వాసు (బళ్ళారి)

ఇచ్చేసిన బట్టలు ఎక్కడికి పోతాయో కూడా చూడాలి కిరణ్ గారూ. పాత ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్ చేరితే అక్కడ చీల్చి, మళ్ళీ దారం వడికి, కంబళ్ళు నేస్తారు. దాన్ని షాడీ అంటారు. ఉన్నికి అలా ఒక దారి ఉంది. నూలు, పాలిస్టర్ కలిసిన గుడ్డకి అంత తేలిక దారి లేదు, రెండింటినీ విడదీయడం కష్టం. వాటిలో చాలావరకు చివరికి డంపింగ్ యార్డులోనే తేలతాయి.

పాత బట్టలు సేకరించే గూంజ్ సంస్థ పేరు వినే ఉంటారు. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు, 2015లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళు బట్టలు ఊరికే పంచరు. ఊళ్ళో చెరువు పూడిక తీయడం, దారి వేయడం లాంటి పని జనం చేసుకుంటే దానికి బదులుగా ఇస్తారు. కట్టుకోవడానికి రాని నూలు బట్టల్ని శుభ్రం చేసి నెలసరికి వాడే ప్యాడ్లు కుట్టిస్తారు. అంటే అక్కడ కూడా పాత నూలుకి పని ఉంది, పాలిస్టర్‌కి ఆ పని లేదు.

కిరణ్ (హైదరాబాద్)

సరే, ఒప్పుకున్నాను. మ్యాట్లు మాత్రం ఇక వద్దు.

నళిని (విశాఖపట్నం)

మ్యాట్ల మీద పగబట్టకండి కిరణ్ గారూ, సరిగా చేస్తే బానే ఉంటాయి. పాత టీషర్టుని చంకల కింద నుంచి అడ్డంగా కోసి, ఆ గొట్టాన్ని చుట్టూ తిప్పుకుంటూ అంగుళం వెడల్పు పట్టీగా కోస్తే అతుకు లేకుండా పొడుగాటి పట్టీ వస్తుంది. లాగితే దానంతట అదే చుట్టుకుని తాడులా అవుతుంది, అంచులు పోగులు ఊడవు. మూడు పట్టీలు జడ అల్లి, జడని చుట్టగా చుడుతూ పక్కపక్కన కుట్టాలి. మలుపుల దగ్గర బయటి జడని లాగి కుట్టొద్దు, కాస్త వదులు ఇవ్వండి. బిగిస్తే మ్యాట్ అంచులు పైకి లేస్తాయి, ఎంత ఇస్త్రీ చేసినా కూర్చోవు.

పెద్దవాళ్ళున్న ఇంట్లో టైల్స్ మీద గుడ్డ మ్యాట్ ఒట్టిగా వేయకండి. కింద రబ్బరు జాలీ వేసి తీరాలి. బాత్రూం గుమ్మం దగ్గర మరీను.

సుజాత (తెనాలి)

ఇన్ని సలహాలు వస్తాయనుకోలేదు! చొక్కా గలీబు ఇవాళే కుట్టాను, బ్రహ్మాండంగా వచ్చింది. వంటింటికి ఏం చేయొచ్చో కూడా చెప్పండి. మసిగుడ్డలకి నైటీలు కోస్తున్నాను.

భారతి (రాజమహేంద్రవరం)

నూలు నైటీ అయితే మసిగుడ్డకి దివ్యంగా ఉంటుంది. అయితే ఒంటి పొర మసిగుడ్డతో ఇనప మూకుడు దించొద్దు. రెండు నైటీ ముక్కల మధ్య పాత టర్కీ తువ్వాలు ముక్క పెట్టి గళ్ళు గళ్ళుగా కుట్టు. జానెడు చదరం చాలు. ఒక మూల ఉచ్చు పెట్టి మేకుకి తగిలించు. తడిగా ఉన్నప్పుడు మాత్రం వేడి గిన్నె పట్టుకోకు, తడి గుడ్డలోంచి వేడి ఇట్టే దూసుకొస్తుంది.

మామగారి పాత పంచెలు ఉన్నాయా? ఉంటే ఎవరికీ ఇవ్వకు. వడియాలు పెట్టడానికి, ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి, కుడుముల గిన్నె మీద పరవడానికి, పాలు విరగ్గొట్టి వడగట్టడానికి తెల్ల పంచె తర్వాతే ఏదైనా. వడియాల పంచెకి ముందు గంజి లేకుండా ఉతకాలి. వడియాలు ఎండాక పంచె వెనకవైపు కాసిని నీళ్ళు చల్లితే గుడ్డని వదిలి వచ్చేస్తాయి, గీరక్కర్లేదు. తిండికి తగిలే దేనికైనా తెల్ల గుడ్డే వాడు. రంగు గుడ్డ ఎంత పాతదైనా ఉప్పూ నూనే తగిలితే ఏం వదులుతుందో చెప్పలేం.

స్వరూప (హనుమకొండ)

పసిపిల్లలున్న ఇల్లయితే మెత్తబడ్డ నూలు చీర దొరకడమే కష్టం. పురిటి బిడ్డకి కొత్త బట్ట వెయ్యరు కదా, పొత్తిళ్ళకి అమ్మమ్మ, నానమ్మల చీరలే. మీ గుట్టలో ఒక చీర అట్లనే దాచిపెట్టండి అక్కా. ముందు ముందు కోడలు పురుడు పోసుకుంటే వెతుక్కోవాల్సిన పని ఉండదు. జరీ అంచు మాత్రం కోసెయ్యండి, బిడ్డ ఒంటికి గీసుకుంటది.

పద్మజ (డాలస్)

మా ఇంట్లో వేరే సమస్య. పిల్లలవి స్కూలు, రన్నింగ్, టీం టీషర్టులు డ్రాయర్ల నిండా ఉన్నాయి. వేసుకోరు, పారేయనివ్వరు. ఇక్కడ వాటితో టీషర్ట్ క్విల్టు చేయించుకోవడం మామూలే. నేను ఇంట్లోనే మొదలుపెట్టాను. బొమ్మ ఉన్న చదరం కోసి, వెనక ఇస్త్రీతో అతికే క్యాన్వాసు వేస్తే గుడ్డ సాగదు, లేకపోతే చదరం కాస్తా వంకర తిరుగుతుంది. బొమ్మ వైపు ఇస్త్రీ తగలనివ్వకండి, రబ్బరు ప్రింటు పెట్టెకి అంటుకుంటుంది.

నా అసలు ప్రశ్న పట్టుచీరల గురించి. అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ కంచి చీరలు నాలుగు నా దగ్గరున్నాయి. మడతల్లో చిరిగిపోతున్నాయి. మా పెద్దమ్మ కోయకూడదంటుంది. నాకేమో పెట్టెలో ఉంచి ఏటా ఒకసారి చూసి ఏడవడం కంటే కళ్ళముందు ఉంటే బాగుండుననిపిస్తోంది.

నళిని (విశాఖపట్నం)

పెద్దమ్మగారి మాట కాదనలేం గానీ, మడతల్లో చిరుగుతున్నవి పెట్టెలో ఉన్నా మిగలవండీ. ఒకటి పూర్తిగా ఉంచుకోండి, మిగతా వాటి కొంగులూ అంచులూ వాడండి.

భారతి (రాజమహేంద్రవరం)

పద్మజా, అమ్మ చీర కోస్తే తప్పేం లేదు. పూర్వం మాత్రం మన ఇళ్ళలో ఏం చేసేవారు? తల్లి పట్టుచీర చిరిగితే పిల్లకి పరికిణీ అయ్యేది. అది పొట్టైతే రుమాలో, పూజ పీట మీద పరిచే గుడ్డో అయ్యేది. ఎవరూ అద్దాల పెట్టెలో పెట్టలేదు.

రెండు జాగ్రత్తలు. చిరుగుతున్న పట్టుని ఒంటిగా కుట్టొద్దు. వెనక మెత్తటి మల్లు గుడ్డ వేసి, రెండూ కలిపి కచ్చా కుట్టు వేసి, తర్వాతే కోయాలి. ముందు కోస్తే అంచుల పోగులన్నీ చేతికి వస్తాయి. కుషన్లకి పెట్టేటట్టయితే అంచు జరీ గుచ్చుకోకుండా వెనకవైపుకి తిప్పు. మిగిలిన చీరని ప్లాస్టిక్ కవర్లో ఉంచకు, పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి పెట్టు. అదే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటేనే చిరుగుతుంది.

మస్తాన్ టైలర్ (నెల్లూరు)

ఆ పాత కంచి చీరల్లో అసలు జరీ ఉండొచ్చు మేడమ్. పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి, బంగారు పూత వేసింది. వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళు కొనేది చీరని కాదు, ఆ వెండిని. కాల్చి తీస్తారు. ఇప్పటి చీరల్లో చాలావరకు రాగి తీగ జరీయో, ప్లాస్టిక్ జరీయో ఉంటుంది. అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నమ్మకమైన చోట జరీ చూపించి బరువు కట్టించండి. వీధిలో చెప్పిన ధరకి ఇచ్చేయకండి.

నిర్వాహకుడు

పాత పట్టుచీరలు కొంటామని ఫోన్ నంబర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ఇక్కడ కొనుగోళ్ళు, అమ్మకాలు వద్దు. చర్చ కొనసాగించండి.

రమణ (కర్నూలు)

జాకెట్టు ముక్కల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ సంచి ముట్టుకుంటే మా ఆవిడ ఊరుకోదు. ఎవరో పెట్టినవి ఇంకెవరికో పెడుతుంది. ఊళ్ళో ఒక చిలకపచ్చ ముక్క ఉంది, అది మా ఇంటికే మళ్ళీ వచ్చిందని నా అనుమానం.

నళిని (విశాఖపట్నం)

హహ! ఆ చిలకపచ్చ ముక్క మా ఇంటిక్కూడా వచ్చింది.

వాటిలో నూలువి అరుదు. ఎక్కువ పాలిస్టరే. నేను నాడా సంచులు కుట్టేస్తున్నాను. మా అమ్మాయి పెళ్ళికి తాంబూలం వాటిలోనే పెట్టి ఇచ్చాం, ప్లాస్టిక్ కవర్లు అసలు కొనలేదు. ఎలాగూ పల్చటి కవర్లు ఇప్పుడు ఇవ్వకూడదు కదా, 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే. కూరగాయల మార్కెట్లో దాన్నెవరు పట్టించుకుంటున్నారన్నది వేరే సంగతి.

నెట్ చున్నీలుంటే అలాంటివే చిన్న సంచులు కుట్టి ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసి తగిలించండి. గాలి ఆడుతుంది, కుళ్ళవు.

సుజాత (తెనాలి)

చివరగా సింథటిక్ చీరలు మిగిలాయి. బొంతకి వద్దన్నారు, మసిగుడ్డకి వద్దన్నారు, మ్యాట్‌కి జారుతుందేమో. వీటిని ఏం చేయను?

నర్సింహ (జనగామ)

మాకు పంపించండి అక్కా. నిజంగానే అంటున్న. మా దగ్గర మక్క చేనుకీ పల్లి చేనుకీ అడవిపందుల బాధ. చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కడతం. గాలికి ఊగుతుంటే, రంగులు కొడుతుంటే పందులు దగ్గరికి రావడానికి జంకుతయి. మొత్తానికే రావని కాదు, కొన్నాళ్ళకి అలవాటు పడతయి, అప్పుడు చీరల జాగా మార్చాలి. కరెంటు తీగలు పెట్టి మనుషుల ప్రాణాలు తీసే కంటే ఇది నయం. నూలు చీర కడితే వానలకి మురిగి నెలలోనే పీలికలైతది, సింథటిక్‌ది పంట చేతికొచ్చేదాక ఉంటది.

మా ఇంట్ల బీర పాదుకి, చిక్కుడు పాదుకి కూడా చీరలే. పేని తాడులాగ కడితే తీగ ఒరుసుకుపోదు. వంగ నారుకి ఎండ దెబ్బ తగలకుండా పైన కప్పుతం.

వాసు (బళ్ళారి)

నర్సింహ అన్నా, పంట అయ్యాక ఆ చీరలు తప్పకుండా విప్పి తీసేయండి. ఎండకి పాలిస్టర్ పెళుసెక్కి చిన్న చిన్న పోగులుగా రాలుతుంది. అది మట్టిలో కలిసిపోదు, పశువులు మేతతో పాటు తినే ప్రమాదం కూడా ఉంది.

నర్సింహ (జనగామ)

తీస్తం అన్నా. బాగున్నవి మళ్ళ పంటకి దాచుకుంటం కూడా.

సుజాత (తెనాలి)

సింథటిక్‌వి మా చుట్టాల పొలానికి పంపిస్తాను, పెదకూరపాడు దగ్గర వాళ్ళకీ పందుల గొడవ ఉంది. బొంతకి చీరలు ఉతికి ఆరేశాను. రెండు మాత్రం రంగు వదిలాయి, పక్కన పెట్టాను.

మస్తాన్ గారూ, ఒక చిన్న ఇబ్బంది. కొంగు గలీబులు మిషన్ మీద కుడుతుంటే పైన కుట్టు బాగానే ఉంది, కిందివైపు దారం ఉండలు కడుతోంది. టెన్షన్ బిగించినా అంతే. నాకే టెన్షన్ పట్టుకుంది!

మస్తాన్ టైలర్ (నెల్లూరు)

కింద ఉండ కడితే తప్పు పైదారంలో ఉంటుంది మేడమ్. పైదారం మొత్తం తీసేసి, ప్రెషర్ ఫుట్ పైకి ఎత్తి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ కిందికి ఉండగా ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళల మధ్యకి దారం దిగదు, ఎంత బిగించినా పట్టదు. అప్పటికీ తగ్గకపోతే షటిల్ విప్పి చూడండి. పాత నూలు బట్టలు కుడితే దూది బాగా రాలుతుంది, బాబిన్ కేసు కింద పేరుకుపోయి ఉంటుంది. బ్రష్‌తో తీసి, ఒక్క చుక్క మిషన్ నూనె వేయండి. నూనె వేశాక ముందు ఏదైనా వేస్టు ముక్క మీద కాసేపు కుట్టండి, నేరుగా కొంగు పెడితే నూనె మరక పడుతుంది.